పట్టుకోవడానికి ఏమీ లేని కారు

మా ఆయన కరెంటు కారు తెచ్చిన రోజు విశాఖపట్నం మల్కాపురంలో మా వీధి వీధంతా కదిలి వచ్చింది. చప్పుడు లేకుండా వచ్చి గుమ్మం ముందు ఆగిన ఆ నల్లకారు చుట్టూ ముందు పిల్లలు చేరారు, తరవాత పెద్దలు. ఎదురింటి రిఫైనరీ ఉద్యోగి నైట్ డ్యూటీ దిగి వచ్చిన ఎర్ర కళ్ళతోనే ఒక చుట్టు తిరిగి, "తలుపెలా తీత్తారండీ?" అని అడిగాడు. నిజమే, తలుపుకి పిడి కనపడదు. ఉంది గాని లోపలికి దాక్కుని ఉంది. మా ఆయన తాళం జేబులో వేసుకుని కారు దగ్గరికి వెళ్ళేసరికి ఆ పిడి తనంతట తానే బయటికి వచ్చింది. వీధంతా "ఓహో" అంది. ఆ ఓహో వినగానే మా ఆయన మొహం వెలిగిపోయింది. ఈ కారు ఎందుకు కొన్నారో నాకు అప్పుడు అర్థమైంది.

నాకు కార్ల గురించి పెద్దగా తెలియదు. నడపడం వచ్చు, అంతే. ఎలమంచిలి దగ్గర వ్యవసాయం ఇంట్లో పుట్టినదాన్ని. మా అమ్మ కొత్త గిన్నె కొనేటప్పుడు ముందు దాని చెవులు పట్టుకుని చూసేది. ఎంత తళతళలాడినా చెవులు సరిగ్గా లేకపోతే "దించేటప్పుడు సేతులు కాల్తాయి, వొద్దు" అనేసి లేచి వచ్చేసేది. ఆ చూపు నాకూ అంటుకుంది. ఏ వస్తువుని చూసినా దీన్ని ఎక్కడ పట్టుకోవాలి అన్నదే మొదట తోస్తుంది.

మాది లారీల వ్యాపారం. పోర్టులో దిగిన బొగ్గు, ఎరువులు గోడౌన్లకి చేరవేస్తాం. మామగారు ఒక్క లారీతో మొదలుపెట్టారు. ఆయన పోయారు, లారీలు పెరిగాయి. సముద్రం కనపడే ఫ్లాట్లు మా ఆయన ఎన్ని చూసొచ్చినా అత్తగారు మల్కాపురం వదలనన్నారు కాబట్టి ఇక్కడే ఉన్నాం. ఇక్కడి గాలిలో ఎప్పుడూ కాస్త నూనె వాసన, కాస్త నల్ల ధూళి ఉంటాయి. ఆ ధూళి కొత్త కారు మీద నిలవకుండా మా ఆయన పొద్దున్నే మెత్తటి గుడ్డ పట్టుకుని బయల్దేరేవారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఇంట్లో ఒక బల్ల తుడవగా నేను చూసి ఎరగను.

కారులో లేని సౌకర్యం లేదన్నారు. ముందు సీటు నడుం నొక్కుతుంది. సీటులోంచి చల్లగాలి వస్తుందట. "అట" అని ఎందుకంటున్నానంటే, సీట్లు మాసిపోతాయని మా ఆయన మొదటిరోజే అన్నిటి మీదా దళసరి టర్కీ తువ్వాళ్ళు పరిచేశారు. ఆ చల్లగాలి తువ్వాలు కిందే ఉండిపోయింది. వెనకసీటులో బియ్యం బస్తా పెట్టి తెస్తుంటే, బెల్టు పెట్టుకోలేదని కారు దారిపొడుగునా మొత్తుకుంది. చివరికి ఆ బస్తాకి బెల్టు పెట్టి, మర్యాదగా కూర్చోబెట్టి తీసుకొచ్చాం. పైకప్పంతా అద్దం. విశాఖపట్నం ఎండలో నడినెత్తిన అద్దం ఎందుకో చేసినవాళ్ళకే తెలియాలి. ఇంజను లేదు కాబట్టి ముందు బానెట్ కింద ఒక ఖాళీ పెట్టె, నీళ్ళు పోతే కిందికి జారడానికి దానికో కన్నం. అత్తగారు ఆ కారు మొత్తంలో మెచ్చుకున్నది ఆ పెట్టెనే.

"సేపలకి బాగుంటాదిరా," అన్నారు. మా ఆయన విననట్టు బానెట్ మూసేశారు.

మా ఇంట్లో కొత్త బండి ఏది వచ్చినా పూజ చేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, ముందుగా అత్తగారిని కూర్చోబెట్టి నాలుగు వీధులు తిప్పుతాం. లారీలకి కూడా అంతే. ఆవిడకి డెబ్బై దాటాయి, మోకాళ్ళు అరిగాయి. అయినా మా పాత కారు ఎత్తుగా ఉన్నా చక్కగా ఎక్కేవారు. తలుపుకి పైన, లోపలివైపు కప్పు అంచున ఒక పిడి ఉండేది. దాన్ని పట్టుకుని, ఒక కాలు లోపల పెట్టి, "అమ్మయ్య" అనుకుంటూ కూర్చునేవారు. ఆ కారు ఇచ్చేసి ఇది తెచ్చారు.

ఆ రోజు ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చి, అలవాటు ప్రకారం చెయ్యి పైకి ఎత్తారు. ఆ చెయ్యి తలుపు అంచు వెంట ముందుకీ వెనక్కీ వెతికింది. అక్కడ అద్దం తప్ప ఏమీ లేదు. సీటు చూస్తే బాగా కిందికి ఉంది. వీధంతా చూస్తోంది. మా ఆయన గబగబా వచ్చి ఆవిడ చంకల కింద చేతులు వేసి, ఎత్తి, సీటులో దించారు. దిగేటప్పుడు కూడా అలాగే లాగి నిలబెట్టారు. ప్రేమతోనే చేశారు, అందులో నాకు సందేహం లేదు. అత్తగారు చీర సర్దుకుని "బాగుందిరా నాయినా, సల్లగా ఉంది" అన్నారు. లోపలికి వచ్చాక మాత్రం పట్టుచీర మార్చుకోకుండా చాలాసేపు మంచం మీద కూర్చుండిపోయారు.

తరవాతి ఆదివారం జాలరిపేటకి రానన్నారు.

ఇది చిన్న విషయం కాదని ఎందుకంటానో చెప్పాలి. అత్తగారు వారమంతా ఇల్లు కదలరు. టీవీ చూడరు, పెళ్ళిళ్ళకి పిలిస్తే నన్ను పంపుతారు. ఒక్క ఆదివారం పొద్దున మాత్రం జాలరిపేట వెళ్ళాల్సిందే. అక్కడ చేపలమ్మే ఆవిడ ఒకరు ఉన్నారు, ఇద్దరూ కాపరానికి వచ్చిన కొత్త నుంచీ ఎరుగుదురు. ఆవిడ ప్లాస్టిక్ టబ్బు బోర్లించి ఇస్తే అత్తగారు దాని మీద కూర్చుంటారు. ఒకావిడ చేపలు కోస్తుంటే ఒకావిడ కబుర్లు చెబుతుంది. మళ్ళీ ఆదివారం దాకా సరిపడా నవ్వుకుని ఇంటికి వస్తారు. డాక్టరు కూడా ఒకటే మాట అన్నాడు, ఈ మోకాళ్ళు ఒకసారి తిరగడం మానేస్తే మళ్ళీ మొదలుపెట్టవు అని.

"మోకాలు సలుపుతన్నాది, నువ్వెల్లి తెచ్చీ," అన్నారు మొదటి వారం. ఆ తరవాతి వారం తలనొప్పి. ఆపై వారం మబ్బు పట్టింది. నేనే వెళ్ళి తెచ్చేదాన్ని. ఆవిడ చేప మొప్ప తిప్పి చూసి, "ఇది నిన్నటిదే" అనేవారు. అక్కడ ఆవిడ ఏమందో, ఏం చీర కట్టిందో, మనవరాలికి సంబంధం కుదిరిందో లేదో వివరంగా అడిగేవారు. అడిగి, గోడవైపు తిరిగి పడుకునేవారు. నాకు భయం పట్టుకుంది. మనిషి కళ్ళముందే మంచానికి అలవాటు పడిపోతోంది.

ఒక రాత్రి భోజనాల దగ్గర ఆపుకోలేకపోయాను. "ఆ వెనక తలుపుకి పైన ఒక పిడి పెట్టించండి," అన్నాను.

"అలాటి కారులో పిడేటి? బస్సులా ఉంటాది," అన్నారు మా ఆయన.

"బస్సులో అత్తయ్య ఎక్కగలరు కదా."

ఆయన షోరూమ్‌కి ఫోన్ చేశారు, నా నోరు మూయించడానికే. అవతల కుర్రాడు చాలా మర్యాదగా, ఇది ప్రీమియం కారని, లోపలంతా నీటుగా కనపడాలని అవన్నీ తీసేశారని, ఈ స్థాయి కస్టమర్లు ఇలాంటివి అడగరని చెప్పాడు. ఫోన్ నేను తీసుకున్నాను.

"ఈ స్థాయి కస్టమర్లకి అమ్మలుండరా బాబూ?"

ఆ కుర్రాడు నా మాట పైవాళ్ళకి పంపిస్తానన్నాడు. ఏ పైవాళ్ళో, ఆ మాట ఎక్కడిదాకా వెళ్ళిందో తెలియదు.

మా ఆయన వాదన కూడా పూర్తిగా కొట్టిపారేసేది కాదు. అందరికీ కావలసినవన్నీ తగిలించుకుంటూ పోతే ఏ వస్తువుకీ అందం మిగలదంటారు. అందం కోసం కొన్ని వదులుకోవాలంటారు. "నువ్వు పట్టుచీరకి జేబు కుట్టించుకుంటావేటి?" అని అడిగారు.

"పట్టుచీరకి జేబు లేకపోయినా కొంగుంది. బీరువా తాళాలు దానికే కట్టుకుంటాను. ఎంత ఖరీదు చీరకైనా కొంగు తీసేశారా ఎవరైనా?" అన్నాను.

మా తమ్ముడి మామూలు కరెంటు కారులో ప్రతి తలుపుకీ పిడి ఉంది, కూరల సంచి తగిలించడానికి కొక్కెం ఉంది, నీళ్ళసీసాకి చోటుంది. ఇందులో నడుం నొక్కే యంత్రం పెట్టినవాళ్ళకి ఆ పిడి ఎందుకు బరువైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఖరీదు పెరిగేకొద్దీ మనిషికి మోకాళ్ళు ఉండవనుకుంటారు కాబోలు.

కానీ మా ఆయన మొండివారే తప్ప చెడ్డవారు కాదు. రెండు రోజులు ముభావంగా తిరిగి, మూడోరోజు కారుని పాతనగరంలో మా లారీలకి ఏళ్ళ తరబడి సీట్లు కుడుతున్న ముస్లిం పెద్దాయన దుకాణానికి పట్టుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, అద్దం అంచు వేళ్ళతో తట్టి చూసి తల అడ్డంగా తిప్పాడు.

"ఇక్కడ లోపల గాలిసంచి ఉంటది సార్. నేను మేకు కొడితే రేపు ఏదన్నా యాక్సిడెంటు అయిందనుకోండి, అది తెరుచుకోదు. ఆ పాపం నాకొద్దు," అన్నాడు.

దానికి బదులు ముందు సీటు వీపు చుట్టూ దళసరి బెల్టు తిప్పి, దానికో పిడి కుట్టాడు. పైన నల్లతోలు తొడిగాడు. చూడ్డానికి కూడా బాగానే ఉంది. ఇంటికి రాగానే అత్తగారిని పిలిచి చూపించాం. ఆవిడ దాన్ని గట్టిగా లాగి చూశారు, పిల్లని చూడ్డానికి వెళ్ళిన పెద్దమనిషిలా అటూ ఇటూ పరీక్షించారు. తరవాత ఆ బెల్టు పట్టుకుని, మెల్లగా, తనంతట తానే కూర్చున్నారు.

"ఆదివారం ఎల్దామేటి?" అన్నారు.

వెళ్ళాం. ఆ రోజు ఇంటికి వచ్చాక వంటింట్లోకి వచ్చి పులుసు తనే పెట్టారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఉల్లిపాయల మీదకి నెట్టేశాను.

అలా కొన్ని వారాలు బాగానే గడిచింది. ఈలోగా కలకత్తా నుంచి ఓడల కంపెనీ వాళ్ళు వచ్చారు. వాళ్ళని కారులో తిప్పాలి కాబట్టి మా ఆయన ఆ బెల్టు విప్పి ముందు పెట్టెలో పడేశారు. వాళ్ళు వెళ్ళిపోయారు. బెల్టు సంగతి ఆయన మరిచిపోయారు. ఆదివారం అత్తగారు తలుపు దగ్గరికి వచ్చి చెయ్యి చాపారు. ముందు సీటు వీపు నున్నగా ఉంది. ఆవిడ చెయ్యి అలాగే కాసేపు గాలిలో ఉండిపోయింది. మా ఆయన అప్పటికే ఆలస్యమైందని తొందరలో ఉన్నారు. "ఆగమ్మా," అని మళ్ళీ చంకల కింద చేతులు వేసి కూర్చోబెట్టేశారు. జాలరిపేటలో దించారు, మళ్ళీ ఎక్కించారు. ఆ సాయంత్రం నేను బెల్టు వెతికి తీసి కట్టాను. అత్తగారు కిటికీలోంచి చూసి లోపలికి వెళ్ళిపోయారు.

తరవాతి ఆదివారం పొద్దున నేను లేచేసరికి గేటు ముందు ఆటో ఆగి ఉంది. అత్తగారు తలదువ్వుకుని, చేతిసంచి పట్టుకుని వరండాలో కూర్చున్నారు. ఎదురింటివాళ్ళకి చెప్పి పిలిపించుకున్నారట.

"నాను ఎల్తన్నాను. నువ్వొస్తావేటి?" అన్నారు.

మా ఆయన తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని బయటికి వచ్చారు. "అమ్మా, ఇంత కారు ఇంటికాడ ఉంచుకుని ఆటోలో ఎల్తావా? ఎవరైనా సూస్తే ఏటనుకుంటారు?"

"ముసలమ్మ ఆటోలో ఎల్తన్నాదనుకుంటారు," అన్నారు అత్తగారు.

ఆటో డ్రైవరు సీటు వెనకాల అడ్డంగా ఇనప రాడ్డు ఉంటుంది కదా. ఆవిడ దాన్ని పట్టుకున్నారు, ఒక కాలు పైకి పెట్టారు, ఒక్క నిమిషం ఊపిరి తీసుకుని రెండో కాలు కూడా లాక్కుని కూర్చున్నారు. మొహం మీద చెమట పట్టింది. ఆ చెమట తుడుచుకుంటూ, "పోనీరా బాబూ," అని డ్రైవరుకి చెప్పారు. నేను ఉన్నపళంగా చెప్పులేసుకుని పక్కన ఎక్కాను.

మా ఆయన ఊరుకోలేదు. పోర్టు రోడ్డులో లారీల మధ్య మా ఆటో డుబడుబమంటూ పోతుంటే వెనకాలే ఆ నల్లకారు చప్పుడు లేకుండా వస్తోంది. ఆటో ఆగితే అదీ ఆగుతుంది. కాన్వెంటు జంక్షన్ దాటాక డ్రైవరుకి అనుమానం వచ్చింది.

"అమ్మా, ఆ కారాయన మన ఎనకాల పడ్డాడేటి?"

"మావోడే. ఆడికి దారి తెలీదు," అన్నారు అత్తగారు, వెనక్కి తిరగకుండానే. నాకు నవ్వు ఆగలేదు.

జాలరిపేటలో చేపలావిడ టబ్బు బోర్లించి సిద్ధంగా ఉంచింది. "కారొగ్గేసి ఆటోలో వొచ్చినావేటప్పా?" అని అడిగింది. అత్తగారు టబ్బు మీద కూర్చుని సందువా చేపలు ఏరడం మొదలుపెట్టారు. మా ఆయన కారు దూరంగా పెట్టి, ఇసకలో బూట్లతో నడిచి వచ్చి మా ముందు నిలబడ్డారు. ఆయనకి కోపం లేదు, మనసు నొచ్చుకుంది. అది గొంతులో తెలుస్తోంది.

"అమ్మా, బెల్టు మరిసిపోనాను, తప్పే. మల్లీ కట్టీసింది కదా నీ కోడలు. అయినా నాను ఎత్తి కూసోబెడితే నీకేటి కట్టం? నువ్వు నాకు బరువా?"

అత్తగారు చేతిలో చేపని పళ్ళెంలో పెట్టారు. చేతులు నీళ్ళలో ముంచి కొంగుకి తుడుచుకున్నారు.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు నాను లారీ ఎక్కలేకపోయీదాన్నిరా. మీ నాయినతో పాటే తిరిగీదాన్ని కదా, దారిలో వొండి పెట్టడానికి. కేబిన్ ఎత్తు, కాలెత్తితే అందీది కాదు. మీ నాయిన సూసినాడు. పట్టుకోమని సెయ్యివ్వనేదు. మర్నాడు బండిని వెల్డింగోడి కాడికి తీసుకెల్లి, తలుపు పక్కన నాకందే ఎత్తుకి రాడ్డు ఏయించినాడు. 'ఇంక నువ్వే ఎక్కు' అన్నాడు. ఆ లారీ ఉన్నన్నాల్లూ నాను ఎవుల సెయ్యీ పట్టుకోనేదు."

చేపలావిడ కత్తిపీట మీద చెయ్యి ఆపి వింటోంది. మా ఆయనకి ఈ సంగతి తెలియదని మొహం చూస్తేనే తెలిసింది. మామగారు కొడుకుతో లారీల గురించి ఎంతో మాట్లాడేవారు గాని, ఇలాంటివి చెప్పే మనిషి కాదు. అత్తగారు మళ్ళీ చేపలవైపు తిరిగి, "ఇది తాజాగా ఉన్నాది, ఇదెయ్యి" అన్నారు.

ఆ తరవాత వాళ్ళిద్దరూ ఎప్పటిలాగే కబుర్లలో పడ్డారు. మా ఆయన ఎంతసేపు నిలబడ్డారో గాని, ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు. కోసిన చేపల సంచి తనే తీసుకుని వెళ్ళి కారు ముందు పెట్టెలో పెట్టారు. నీళ్ళు కారి కన్నంలోంచి రోడ్డు మీద పడుతున్నా పట్టించుకోలేదు. కారు తాళం నా చేతిలో పెట్టారు.

"నువ్వు తీసుకొచ్చీ. నాను అమ్మతో వొస్తాను."

అలా ఆ రోజు నేను ఆ కారు మొదటిసారి ఒంటరిగా నడిపాను. ఎక్కగానే నా కింద తువ్వాలు తీసి పక్కన పడేశాను. వీపుకి చల్లగా గాలి తగిలింది. చాలా హాయిగా ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ కారు మీద నాకు ద్వేషం లేదు. ఇంత హాయి ఇవ్వగలిగిన వస్తువు మనిషికి తనంతట తాను ఎక్కే వీలు కూడా ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది, అంతే. సుఖమంటే మన పని ఇంకొకరు చేసిపెట్టడమేనని దాన్ని చేసినవాళ్ళు అనుకున్నారు. మా ఇంట్లో అది చాలదు.

ముందు ఆటో వెళ్తోంది. ఇంటికి చేరాక దాని వెనకే ఆపి నేను దిగాను. అత్తగారు గేటువైపు అంచున కూర్చున్నారు, మా ఆయన ఆవిడకి అవతల లోపలివైపు. వీధి ఇరుకు, మా వెనక ఒక ట్యాంకరు ఆగి హారన్ మొదలుపెట్టింది. అత్తగారు రాడ్డు పట్టుకుని ఒక కాలు కిందికి దించారు. రెండో కాలు రావడానికి సమయం పడుతోంది. మా ఆయన చేతులు అలవాటుగా ఆవిడ చంకలవైపు లేచాయి. మధ్యలోనే ఆగాయి. ఆయన ఆ రెండు చేతులూ వెనక్కి తీసుకుని, ఒళ్ళో ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుని, వాళ్ళమ్మ రెండు పాదాలూ నేల మీద ఆనేదాకా కదలకుండా కూర్చున్నారు.